బాగా మోగిన దిమ్మ

ముప్పై ఎనిమిదేళ్ళకే రిటైరైనవాడు వృత్తి అనుభవాలు రాస్తానంటే, వీణ్ణి తీసేశారేమో అని చదివేవాళ్ళకి అనుమానం వస్తుంది. తీసేయలేదు. నా ముక్కు రాజీనామా చేసింది, నేను దాని వెనకాల బయటికి వచ్చాను. పదహారేళ్ళు తెల్లపొడి మధ్య గడిపాక, ఒక వర్షాకాలంలో మొదలైన తుమ్ములు ఎండాకాలం వచ్చినా ఆగలేదు. అమలాపురంలో డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని చూసి, "ఊపిరితిత్తులకేం ఢోకా లేదండి. మీ పొడి మీ ముక్కుకి పడట్లేదు, అంతే. ఉద్యోగమో ముక్కో తేల్చుకోండి" అన్నారు. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది కదా అని ముక్కు వైపు తీర్పు చెప్పాను.

వీడ్కోలు రోజు శాలువా కప్పారు. కప్పగానే తుమ్మాను. శాలువాతో పాటు ఒక తెల్ల దిమ్మ ఇచ్చారు. అగ్గిపెట్టె కంటే చిన్నది, పక్కన పెన్సిలుతో పదిహేడు అని అంకె. ఆ నెలలోనే డిప్లమా ముగించి మా యూనిట్లో చేరిన ఇద్దరమ్మాయిలు దాన్ని చూసి, "జ్ఞాపికా సార్?" అని అడిగారు.

"కాదమ్మా, నేరం" అన్నాను.

నవ్వారు. నేను నిజం చెప్పినా నవ్వుతారు, నా బతుకులో ఉన్న ఇబ్బందే అది. ఆ ఇద్దరి కోసమే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. రెండొచ్చాయి, రెండుసార్లూ కుర్చీ అదే.

ఎముకలెక్కడివి?

మామిడికుదురు దాటి రాజోలు వైపు వెళ్తుంటే పాత కొబ్బరి పీచు మిల్లు షెడ్డు ఒకటి వస్తుంది. అందులో మేము ఎముకలు చేస్తాం. నేను చేరిన కొత్తలో టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన పక్కకి జరిగి చోటిచ్చి మరీ అడిగారు.

"ఏవండీ, ఎముకలు ఎక్కణ్ణించి తెస్తారండీ?"

"తేవమండి. చేస్తాం."

"దేంతోనండీ?"

"పొడితోనండి."

"దేని పొడండీ?"

"ఎముకలో ఉండే పొడేనండి. కానీ ఎముకలోంచి తియ్యం."

ఆయన సగం తాగిన గ్లాసు కింద పెట్టి, "నాకెందుకులెండి" అని లేచి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ సగం ఊరు మాది సుద్దముక్కల ఫ్యాక్టరీ అంటుంది. మిగతా సగం అటు చూడకుండా నడుస్తుంది.

సంగతి చాలా మామూలుది. ఎవరికో ఎముక నలిగిపోతుంది, మధ్యలో ఖాళీ పడుతుంది. ఆ ఖాళీలో సర్జను ఒక దిమ్మ పెడతారు. ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేటుతోనే ఆ దిమ్మ చేస్తాం, నిండా సన్న సన్న కన్నాలుంటాయి. పేషెంటు సొంత ఎముక ఆ కన్నాల్లోకి అద్దెకి దిగి, మెల్లగా ఇల్లంతా తనదే అనిపించుకుంటుంది. ఇలాంటి అద్దెదారుని కోరి తెచ్చుకునే ఇల్లు లోకంలో ఇదొక్కటే.

కన్నాలు ఎలా పెడతారని అడక్కండి. కన్నాలు మేం పెట్టం. బూందీ లడ్డూని తలుచుకోండి. బూందీ గింజలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. గింజల మధ్య సందుల్లో జావ పోసి ఆరబెట్టి, తర్వాత ఏదో మాయ చేసి బూందీ ఒక్కటీ మాయం చేశారనుకోండి. గింజ ఉన్నచోట గది మిగులుతుంది. గింజా గింజా అంటుకున్నచోట తలుపు మిగులుతుంది. మా బూందీ ప్లాస్టిక్ పూసలు, ఒక్కోటి ఆవగింజలో పావు వంతు. జావ అంటే పొడి కలిపిన నీళ్ళు. మాయ అంటే ఫర్నేసు: ముందు చిన్న మంట మీద పూసలు కాలిపోతాయి, తర్వాత పెద్ద వేడికి పొడి గట్టిపడుతుంది. గది ఎంత ఉండాలో పూసల్ని జల్లెడ పట్టేటప్పుడు తేలుతుంది. తలుపు ఎంత ఉండాలో పూసల్ని ఎంతసేపు వెచ్చబెట్టి అంటించామో దాన్నిబట్టి ఉంటుంది.

మా యజమాని భాస్కరరావు గారు ఎక్కడో పెద్ద సిరామిక్ కంపెనీలో పనిచేసి, ఊరికొచ్చి ఈ షెడ్డు పెట్టారు. మొదటిరోజే ఆయన నాతో అన్నారు. "గది కట్టడం ఎవరైనా కడతారండి. తలుపు మర్చిపోకుండా ఉండడానికే మీకూ నాకూ ఉద్యోగం."

తలుపులున్నాయో లేదో తెలుసుకోడానికి ఆయనకొక పరీక్ష ఉంది. ప్రతి లాటులోంచి ఒక దిమ్మ తీసి, పళ్ళెంలో పల్చగా సిరా పోసి, అందులో నిలబెడతారు. తలుపులు తెరిచి ఉంటే సిరా గదిలోంచి గదిలోకి ఎక్కుతూ, పది లెక్కపెట్టేలోపు నెత్తికెక్కుతుంది. లేకపోతే కిందే ఆగిపోతుంది. ఖరీదైన మిషన్లు తర్వాత వచ్చాయి గానీ, ఆయన ఏ ఊళ్ళో ఉన్నా ఫోన్లో మొదటి మాట అదే: "తాగిందా?" కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన్ని అపార్థం చేసుకునేవారు.

పేలాలు

నా మొదటి తప్పు రెండో నెలలో జరిగింది. పూసలు కాలడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. ఒకటిన్నర రోజు ఒక ఫర్నేసు ముందు కూర్చోవడం చదువుకున్నవాడికి అవమానమనిపించి, వేడి కొంచెం వేగంగా పెంచాను. లోపల దిమ్మలన్నీ పేలాల్లా పేలిపోయాయి. భాస్కరరావు గారు తలుపు తీసి, కాసేపు చూసి, "ఏం వేయించేరండీ?" అన్నారు.

ఆయన తిట్లలో కూడా 'అండీ' ఉంటుంది. ఎంత మెల్లగా అంటే అంత పెద్ద తిట్టు. ముక్కలన్నీ పట్టకారుతో ఏరించి, పెద్దవీ చిన్నవీ విడిగా పెట్టించారు, ఏ పక్క ముందు పగిలిందో నేనే కనిపెట్టాలని. చివర్లో, "లోపలున్నదాన్ని తొందరపెడితే బయటికి రాదండి, పేలుద్ది. పూసలైనా, మనుషులైనా" అన్నారు. గొప్ప మాట. కాకపోతే అన్నప్పుడు ఆయన నోటినిండా పకోడీ ఉంది కాబట్టి, ఏమన్నారో మూడుసార్లు అడిగి రాసుకున్నాను.

సత్యవతి గారి చెవి

ఆఖరి పరీక్ష చెవిది. కాలిన దిమ్మలో కంటికి కనపడని పగులుంటే, వెదురు పుల్లతో తట్టినప్పుడు డొక్కుగా పలుకుతుంది. బాగున్నది ఖంగుమంటుంది. ఈ పనికి భాస్కరరావు గారు కాలేజీల చుట్టూ తిరగలేదు. మలికిపురంలో కొబ్బరికాయల రాశి దగ్గర కాయల్ని వేలితో కొట్టి ఏది లేత, ఏది ముదురు, ఏది నీరింకిన కురిడీ అని వేరుచేసే సత్యవతి గారిని తీసుకొచ్చారు. ఆవిడ పుల్ల ఆడించే తీరు చూస్తే, మా లక్షల మిషను సిగ్గుపడి ఆగిపోయేది. అది ఎలాగూ వారానికోసారి ఆగేదనుకోండి.

ఆవిణ్ణి నేను అక్కగారూ అనేవాణ్ణి. అందువల్ల వాళ్ళాయన సూరిబాబు నాకు బావగారయ్యారు. బావగారంటే వెక్కిరించడానికి హక్కు పుట్టుకతో వస్తుంది. ఆయన కొబ్బరి దింపు తీసే మనిషి. ముప్పై ఏళ్ళు చెట్లెక్కి దిగి, ఒక్కసారీ జారని మనిషి, ఒక దసరా వెళ్ళగానే కాయలు ఎత్తిన లారీ మీంచి కిందికి దూకి మడమ విరగ్గొట్టుకున్నారు. చెట్టు మీంచి పడుంటే కాస్త గౌరవంగా ఉండేదని ఆయనే బాధపడ్డారు.

కాకినాడ ఆసుపత్రిలో చూసి, మడమ ఎముక లోపలికి నలిగింది, ఆపరేషన్ చేసి దిమ్మ పెట్టాలి, కానీ వాపు తగ్గేదాకా పన్నెండు రోజులు ఆగాలి అన్నారు. సత్యవతి గారు మర్నాడే పనిలోకి వచ్చారు.

"మన దిమ్మే పెడతారాండీ?" అని అడిగారు.

భాస్కరరావు గారు కొత్తపేటలో బంధువుల పెళ్ళికి వెళ్ళిపోతూ కూడా, మా దిమ్మల్ని శుద్ధి చేసి ప్యాక్ చేసే హైదరాబాదు కంపెనీకి ఫోన్ చేశారు. రేపు వచ్చే లాటులోంచి మేం చెప్పిన నంబరు దిమ్మే ఆ ఆసుపత్రికి పంపమన్నారు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఇక ఏ నంబరో తేల్చడమే మిగిలింది.

పదిహేడో నంబరు

మర్నాడు ఫర్నేసులోంచి నలభై రెండు దిమ్మలు వచ్చాయి. అంచులు సాపు చేసేటప్పుడు రెండు విరిగాయి, నలభై మిగిలాయి. కొలిస్తే ఎప్పటికంటే కాస్త చిన్నవి, అయినా హద్దు దాటలేదు. సత్యవతి గారు తట్టడం మొదలుపెట్టారు.

అలాంటి మోత మా షెడ్డులో ఎప్పుడూ వినలేదు. ఒక్కటీ డొక్కు లేదు. పౌడరు కలిపేవాళ్ళు కూడా మాస్కులు దించుకుని వచ్చి విన్నారు. అందరూ కలిసి, సూరిబాబు గారి కోసం అన్నిట్లోకీ బాగా మోగేదాన్ని వెతికారు. తట్టి, మళ్ళీ తట్టి, రెండిట్ని పోల్చి, చివరికి పదిహేడో నంబరు గెలిచింది.

సత్యవతి గారు మాత్రం పుల్ల కింద పెట్టలేదు.

"శీనుబాబు గారూ, మరీ మోగుతోందండి."

"మోగితే మంచిదేగా అక్కగారూ?"

"కాయల్లో అయితే మరీ మోగేదాన్ని నమ్మమండి. లోపల నీరుండదు."

"బావగారి మడమలో నీళ్ళెందుకండీ? ఇది పెట్టించుకుంటే ఆయన అడుగేసినప్పుడల్లా గుడిగంటలా మోగుతారు. ఊళ్ళో ఎక్కడున్నా మీకు తెలిసిపోద్ది."

అందరూ పడి పడి నవ్వారు. ఆవిడా నవ్వారు. బయట కొరియర్ వ్యాను హారన్ కొట్టింది. ఈ మోతకి సిరా పరీక్ష కూడా ఎందుకని, రిజిస్టరులో ఆ గడిలో 'తాగింది' అని రాసేశాను. పదహారేళ్ళలో నేను రాసిన కల్పన అదొక్కటే. ఒక్క మాటదే అయినా అచ్చు తప్పు లేకుండా రాశాను.

విరిగిన రెండిట్లో ఒకదాన్ని సిరాలో పెట్టచ్చు కదా అని మీరడుగుతారు. తర్వాత భాస్కరరావు గారూ అదే అడిగారు. 

చేమాకు

విరిగిన దిమ్మలు నా బల్ల మీద కాగితాలకి బరువుగా ఉండేవి. పాతవన్నీ టీరంగులో ఉండేవి, ఎందుకంటే నేను టీ ఒలకబోయని రోజు లేదు, అవి తాగని రోజూ లేదు. లాటు వెళ్ళిన వారానికి మళ్ళీ ఒలికింది. గుడ్డ కోసం లేచి తిరిగొచ్చేసరికి పాత దిమ్మలు మామూలుగా తాగేసి కూర్చున్నాయి. కొత్త లాటులో విరిగింది మాత్రం టీ మడుగు మధ్యలో చేమాకులా పొడిగా, తెల్లగా నిలబడి ఉంది. అడుగున గోరంత కూడా ఎక్కలేదు.

నేను చాలాసేపు అలాగే చూశాను. కాగితాల మీంచి టీ కారి నా ప్యాంటు మీద పడింది, అదీ చూశాను.

తలుపులు మూసుకుపోయాయి. వేడి ఎక్కువైతే పొడి ఇంకా దగ్గరికి ముడుచుకుంటుంది, దిమ్మ చిన్నదవుతుంది, గట్టిగా మోగుతుంది, గదుల మధ్య తలుపులు పూడుకుపోతాయి. చిన్నవిగా ఉన్నాయని కొలబద్ద చెప్పింది. మరీ మోగుతోందని సత్యవతి గారు చెప్పారు. ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. అలాంటి లాటులో అన్నిటికంటే బాగా మోగేదంటే అన్నిటికంటే పనికిరానిది. దాన్ని అందరం కలిసి, ప్రేమగా, ఏరి మరీ బావగారికి పంపాం. అప్పటికది కాకినాడ ఆసుపత్రి స్టోరులో ఉంది. ఆపరేషన్ ఎల్లుండి.

అది పెడితే కాలు పోయేదా? పోయేది కాదు. ఎముక దాని చుట్టూ తిరిగి, తలుపు లేదని వెనక్కి వెళ్ళేది. దిమ్మ మడమలో రాయిలా ఉండిపోయేది, ఎప్పుడో పగిలేది, మళ్ళీ కోసేవారు. అప్పుడు సూరిబాబు గారు మళ్ళీ చెట్టెక్కేవారా అన్నది నాకు తెలీదు. ఆయనకి తెలిసిన పని అదొక్కటే.

పెళ్ళి నుంచి వచ్చిన భాస్కరరావు గారి ముందు నిలబడి మొత్తం చెప్పాను. 'తాగింది' అని రాసినదీ చెప్పాను. ఆయన ముందు ఫర్నేసు వెనక్కి వెళ్ళారు. అక్కడ గోడలోంచి లోపలికి దూరి వేడెంతో చెప్పే పుల్ల ఒకటుంటుంది, థర్మోకపుల్ అంటాం. అది రెండు వేళ్ళ మేర బయటికి ఉంది. మొన లోపలి వేడిలో ఉండాల్సింది, గోడలో దాక్కుంది. అందుకని తక్కువ చూపించింది, తక్కువుంది కదా అని ఫర్నేసు ఇంకా కాలింది.

"దీన్నెవరు కదిపేరండీ?" అన్నారు.

నేనే. దసరాకి ఆయుధపూజలో మిషన్లన్నీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి దండలేశాం. చిన్నదని దాన్ని మాత్రం ఎందుకు వదలాలని, చల్లారిన ఫర్నేసులోంచి బయటికి లాగి, తుడిచి, బొట్టు పెట్టి మళ్ళీ దూర్చాను. బొట్టు చెరిగిపోకూడదని పూర్తిగా దూర్చలేదు. పూజలో లోపమేం లేదు. లోపమంతా పూజారిదే.

భాస్కరరావు గారు అప్పుడు నేను భయపడుతున్న ప్రశ్న వేశారు. "ముందే ఎవరైనా అనుమానపడ్డారాండీ?"

"సత్యవతి గారండి."

"మీరేమన్నారు?"

జోకు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. నవ్వు లేకుండా చెప్తే ఏ జోకైనా ఎంత దరిద్రంగా ఉంటుందో ఆరోజు తెలిసింది. ఆయన ఫోను నా చేతిలో పెట్టి, "ముగ్గురికీ మీరే చెప్పండి" అన్నారు. చాలా మెల్లగా అన్నారు.

కంపెనీవాళ్ళు మిగతా ముప్పై తొమ్మిదీ ఆపేస్తాం, పాత లాటులోంచి ఒకటి రేపు పంపుతాం అన్నారు. తర్వాత సర్జను గారు. ఆయన కోసం క్షమాపణ ఒక పేజీన్నర రాసుకుని పెట్టుకున్నాను.

"వేరేది రేపు సాయంత్రానికి వస్తుందా?" అన్నారాయన.

"వస్తుందండి."

"మంచిది. రాకపోతే వాయిదా వేస్తాను, మడమ ఎక్కడికీ పోదు. ముందే చెప్పారు, థ్యాంక్సండి." పెట్టేశారు. పేజీన్నర నా దగ్గరే ఉండిపోయింది. రాసుకున్నదాంట్లో పనికొచ్చిన వాక్యం 'నమస్కారమండి' ఒక్కటే.

మూడో మనిషికి ఫోను అక్కర్లేదు. సత్యవతి గారు బల్ల దగ్గర పుల్ల పట్టుకుని ఉన్నారు.

"అక్కగారూ, ఆ పదిహేడో నంబరు..."

"వెనక్కి తెప్పిస్తున్నారాండీ?"

"ఆయ్."

"నేను చెప్పేనండి."

"చెప్పేరండి."

"మీరు నవ్వేరు."

"నవ్వేనండి."

ఆవిడ పుల్ల బల్ల మీద పెట్టారు. "నేనూ నవ్వేనండి" అన్నారు. "నా మొగుడి కాలికి పెట్టేది. నా చెవి చెప్తానే ఉంది. అందరూ నవ్వుతున్నారు గదా అని నేనూ నవ్వేను. మీ మీదకంటే నా మీదే కోపంగా ఉందండి నాకు."

ఆవిడ తిట్టుంటే హాయిగా ఉండేది. ఆ మాట విన్నప్పట్నుంచీ నా జోకులకి నేను లెక్క కట్టడం మొదలుపెట్టాను. జోకు తప్పని కాదు. అది నవ్వించింది ఎంతమందినన్నది ఒక లెక్క, నోరు మూయించింది ఎవరినన్నది ఇంకో లెక్క.

ఆయ్, చూద్దామండి

భాస్కరరావు గారు నాకు వేసిన శిక్ష ఇది: నెల్లాళ్ళ పాటు షెడ్డులో ఎవరు ఏ అనుమానం చెప్పినా నేను 'ఆయ్, చూద్దామండి' తప్ప ఇంకో మాట అనకూడదు. అని ఊరుకోకూడదు, చూడాలి. జనం దీన్ని బాగా వాడుకున్నారు. గేటు దగ్గర కుక్క అదోలా చూస్తోందని ఒకరు, క్యాంటీన్ సాంబారు నిన్నటిదని ఒకరు. ఆయ్ చూద్దామండి అని అన్నీ చూశాను. కుక్క బాగానే ఉంది. సాంబారు నిన్నటిదే.

నెల అయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. నాకున్న మంచి అలవాటు అదొక్కటే కాబట్టి నేనూ పోగొట్టుకోలేదు. చెవి పరీక్ష ఇప్పటికీ ఉంది, కానీ సిరా తర్వాతే. మోత పగుల్ని పట్టుకుంటుంది, తలుపుల సంగతి దానికి తెలీదు. మరీ మోగితే మళ్ళీ సిరా. ఆయుధపూజకి ఫర్నేసు తలుపుకి దండ వేస్తారు, థర్మోకపుల్‌కి దూరం నుంచే దండం పెడతారు. కొత్తగా చేరిన మీరిద్దరూ ఇది మార్చాలనుకుంటే మార్చండి, మీ ఇష్టం. బల్ల చివర కూర్చున్న ఆవిడ తలెత్తి ఏదైనా అంటే మాత్రం, ముందు ఆ రెండు మాటలూ అని, తర్వాత మీ చదువు బయటికి తియ్యండి.

ఆపరేషన్ అనుకున్న రోజే అయింది. నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం సూరిబాబు గారు షెడ్డుకి వచ్చారు. గేటు దగ్గర ఆటో దిగి, నడిచే వచ్చారు, కొంచెం ఎగుడుదిగుడు నడక. మర్నాడు మళ్ళీ చెట్టెక్కుతున్నానని, పొట్టి చెట్టేనని, డాక్టరు గారు ఒప్పుకున్నారని చెప్పారు. తర్వాత మా బల్ల ముందు సిమెంటు నేల మీద నిలబడి, కుడి మడమతో గట్టిగా ఒక్కటి తన్నారు.

"బామ్మర్ది గారూ, వినపడిందాండీ?"

"ఏంటండి?"

"గుడిగంట."

అందరూ పని ఆపి చూస్తున్నారు. ఆయన మళ్ళీ తన్నారు. నేను ఒంగి, చెవి పెట్టి మరీ విన్నాను.

"లేదండి బావగారూ. ఏమీ మోగట్లేదు."

సత్యవతి గారు తలెత్తలేదు. చేతిలో దిమ్మని పుల్లతో ఒకసారి తట్టి పక్కన పెట్టి, "అదీ మంచి సరుకంటే" అన్నారు.